తప్పు నెట్‌వర్క్‌ది కాదు

నెట్‌వర్క్ నుంచి బూట్ అవ్వాల్సిన సర్వర్‌ని ఆన్ చేస్తే, అది ముందు ఓ కేక వేస్తుంది: ‘నాకో అడ్రస్ ఇవ్వండి’ అని. డీహెచ్‌సీపీ ఐపీ ఇచ్చి, బూట్ ఫైల్ పేరు చెబుతుంది. ఆ ఫైల్ టీఎఫ్‌టీపీలో దిగుతుంది. ఇదే పీఎక్స్‌ఈ బూట్.

తెల్లారేసరికి రెడీ కావాల్సిన మా 12 సర్వర్లూ మొన్న ఒకే లైన్ దగ్గర ఆగిపోయాయి: ‘ఫెయిల్డ్ టు లోడ్ ఎల్‌డీలైనక్స్ డాట్ సీ32’. కాల్‌లో అందరూ నెట్‌వర్క్ టీమ్ కుర్రాడి మీద పడ్డారు. పాపం, కొత్తగా చేరినవాడు. “అన్నా, నేను ఫైర్‌వాల్ ముట్టుకోలేదు” అంటూనే ఉన్నాడు.

నిజానికి ఆ ఎర్రరే అతని సాక్షి. ఆ లైన్ స్క్రీన్ మీద వేసింది పీఎక్స్‌ఈలైనక్స్. అది వచ్చిందే నెట్‌వర్క్ మీదుగా! అంటే ఐపీ అందింది, టీఎఫ్‌టీపీ కూడా పనిచేసింది. లాగ్ తీసి చూశాం. రెండో ఫైల్ కోసం సర్వర్లు అడుగుతున్నాయి, ఫోల్డర్‌లో అది లేదు. సిస్‌లైనక్స్ 5 నుంచి పీఎక్స్‌ఈలైనక్స్ ఒంటరిగా బండి లాగలేదు. అదే వెర్షన్ ఎల్‌డీలైనక్స్ ఫైల్ కూడా ఉండాలి. మాది అప్పటిదాకా పాత 4. సాయంత్రం అప్‌గ్రేడ్‌లో మొదటి ఫైల్ ఒక్కటే కాపీ అయింది.

రెండోదీ పెట్టాం. ఇన్‌స్టాలర్ మెనూ వచ్చేసింది. కాల్‌లో ఎవరూ కుర్రాడికి సారీ చెప్పలేదు. నేనే విడిగా మెసేజ్ పెట్టా: “ఇక పడుకో తమ్ముడూ.”