మోండా మార్కెట్‌లో మా యాడి

ఇది రాయాలా వద్దా అని చాన రోజులు ఆలోచించిన.

2011లో తండా ఇడిసి, మహబూబాబాద్‌లో గోల్కొండ ఎక్కి సికింద్రాబాద్‌లో దిగినం. బాపుకు మోండా మార్కెట్‌లో హమాలీ పని. దగ్గర్లనే సందులో ఒక్క రూము, నలుగురం. కిరసనాయిల్ స్టవ్ మీద జొన్నరొట్టె ఒకపక్క మాడేది, ఒకపక్క పచ్చిగుండేది. నీళ్ల గోసకంటె యాడికి అదే పెద్ద బాధ.

వారం దాటినంక కూరగాయలకు పోయినం. కొత్తిమీర కట్ట పట్టుకొని "ఇదెంతనో అడుగు" అన్నది యాడి, గోర్ బోలీలో, గట్టిగనే. కొత్త బడిలో నా పక్కన కూచునే పిలగాడు అక్కడే ఉన్నడు.

"తెలుగుల మాట్లాడు యాడీ" అని కసిరిన.

కట్ట అక్కడ్నే పెట్టింది. ఆనాటి నుంచి మార్కెట్‌లో వేలుతోని చూపెట్టుడే, మాట లేదు. బేరమంత నాదే.

మా లంబాడీల గోర్ బోలీకి సొంత లిపి లేదు. నేను చదివిన ఏ బడిలోనూ దాని పుస్తకం చూడలే. నాకు అది యాడి నోటి నుంచే వచ్చింది. ఆ నోరే మూయించిన.

మొన్న ఆదివారం మళ్ళా మోండాకు తీస్కపోయిన. కొత్తిమీర కాడ నేనే గోర్ బోలీలో అడిగిన, ఎన్ని కట్టలు తీస్కుందామని.

"రెండు చాలు బిడ్డా" అన్నది. తెలుగులోనే.