రెండు పట్టాలు, ఒకే వారం

ఒకే కాలంలో రెండు డిగ్రీలు చదవడానికి విశ్వవిద్యాలయ నిధుల సంఘం, అంటే యూజీసీ, 2022 ఏప్రిల్‌లో అనుమతి ఇచ్చింది. దానితో, ఉద్యోగంలో ఉండి ఒక ఎం.ఏ. చదువుతున్నవారు అది పూర్తికాకముందే మరో పీజీలో చేరడానికి నియమాల అడ్డు తొలగింది. రెండూ కళాశాలకు వెళ్లి చదివేవైతే తరగతుల వేళలు ఒకదానిమీద ఒకటి పడకూడదు. రెండూ దూరవిద్యలోనో ఆన్‌లైన్‌లోనో అయితే ఆ చిక్కు లేదు. పీహెచ్‌డీకి మాత్రం ఈ వెసులుబాటు వర్తించదు.

నియమం అనుమతించినంత మాత్రాన వారంలో గంటలు పెరగవు. దూరవిద్యలో చదువు పరిమాణాన్ని క్రెడిట్లలో లెక్కిస్తారు. పుస్తకం చదవడం, అసైన్‌మెంట్ రాయడం, కాంటాక్ట్ క్లాసులకు వెళ్లడం అన్నీ కలిపి విద్యార్థి వెచ్చించవలసిన 30 గంటల శ్రమను ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం, అంటే ఇగ్నో, ఒక క్రెడిట్‌గా పరిగణిస్తుంది. ఆ లెక్కన 80 క్రెడిట్ల పీజీకి 2,400 గంటలు కావాలి; రెండేళ్లలో ముగించాలంటే వారానికి సుమారు 23 గంటలు, రెండు పీజీలకైతే 46 గంటలు. వారానికి 48 గంటల ఉద్యోగం చేసేవారికి ఇది దాదాపు రెండో ఉద్యోగం. వారంలోని 168 గంటల్లో ఈ రెండూ, రోజుకు ఏడు గంటల నిద్రా పోగా మిగిలే 25 గంటల్లోనే ప్రయాణం, వంట, పిల్లలు, పెద్దల అనారోగ్యం, బంధువుల ఇళ్ల శుభాశుభాలు ఇమడాలి.

అవి ఇమడవు కనుక ఆ గంటలు ఇంట్లో మరొకరి శ్రమలోనుంచి వస్తాయి, లేదా చదివేవారి నిద్రలోనుంచి వస్తాయి. భర్త చదువుతున్న ఇంట్లో పిల్లల హోంవర్కూ బజారు పనులూ భార్య మీదికి మారడం మామూలు. భార్య చదివేటప్పుడు అదే మార్పు అంత సులువుగా జరగదు. పగలు బడిలో పాఠాలు చెప్పి, సాయంత్రం వంట ముగించి, ఇల్లంతా పడుకున్నాక పుస్తకం తెరిచే ఉపాధ్యాయినుల పట్టుదల ఎంత గౌరవించదగినదో, వారిని ఆ వేళదాకా ఆగేలా చేసే ఇంటి అలవాటు అంత విచారించదగినది.

రెండు డిగ్రీలు ఎంచుకునేవారిలో చాలామందికి ఒకటి బతుకుతెరువుకు, మరొకటి మనసుకు. జూనియర్ లెక్చరర్ పోస్టుకు సంబంధిత సబ్జెక్టులో పీజీ ఉండాలి కనుక గణితమో ఇంగ్లీషో ఒకవైపు, ఎన్నాళ్లుగానో చదవాలనుకున్న చరిత్రో తత్వశాస్త్రమో మరోవైపు నిలుస్తాయి. పని ఒత్తిడి పెరిగినప్పుడు ముందుగా పక్కకు జరిగేది రెండోదే, ఎందుకంటే దానికోసం ఎదురుచూసే నోటిఫికేషన్ ఏదీ ఉండదు. చదువు మీది ప్రేమతో మొదలుపెట్టినదే ఇలా అటకెక్కడం ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికన్నా బాధాకరమైన నష్టం.

దీనికి తగిన వెసులుబాటు దూరవిద్య నిర్మాణంలోనే ఉంది. ఇగ్నోలో ఎం.ఏ.కు కనీస కాలం రెండేళ్లయితే, గరిష్ఠంగా నాలుగేళ్లు తీసుకోవచ్చు. ఈ అదనపు గడువు వెనకబడ్డవారికి చూపే దయ అన్న అపోహ బలంగా ఉంది గాని, నిజానికి అది ఉద్యోగస్థులను దృష్టిలో పెట్టుకున్న ఏర్పాటు. రెండు పీజీలనూ నాలుగేళ్లకు పరిస్తే వారానికి అయ్యే శ్రమ మళ్లీ 23 గంటలే, అంటే ఒక్క పీజీని రెండేళ్లలో చదివినంతే. ఒకదానికొకటి దగ్గరి శాస్త్రాలను, సమాజశాస్త్రం, రాజనీతిశాస్త్రం వంటివాటిని, ఎంచుకుంటే ఒకచోట చదివిన మార్క్స్, వెబర్ మరోచోట అక్కరకొస్తారు కనుక భారం ఇంకొంత తగ్గుతుంది.

పరీక్షల విషయం మాత్రం వేరు. జూన్, డిసెంబరు విడతల్లో రెండు కోర్సుల పేపర్లు ఒకే రోజు, ఒకే పూట పడవచ్చు. అసైన్‌మెంట్లు సమర్పించి, సెలవు పెట్టుకుని, హాల్ టికెట్ తీసుకున్నా అప్పుడు ఒకటి వదలక తప్పదు. నాలుగేళ్ల గడువు పెట్టుకున్నవారు వదిలిన పేపరును తర్వాతి విడతలో రాసుకుంటారు. రెండేళ్లకే ముగించాలని పట్టుపట్టినవారికి ఆ ఒక్క పేపరు కోసం మరో ఆరు నెలలు ఆగక తప్పదు.