ఈసారి మద్దెలే ఓడు

శాన్ ఫ్రాన్సిస్కో నుంచి తూర్పుగా వచ్చి, కొండలు దాటి, 680 ఫ్రీవే మీద దక్షిణానికి దిగితే మా శాన్ రామన్ వస్తుంది. ఊళ్ళో ఎక్కడ నిలబడినా ఈశాన్యాన 3,849 అడుగుల మౌంట్ డయాబ్లో కనిపిస్తుంది. చలికాలం వానలకు పచ్చబడే ఈ కొండలు వేసవి వచ్చేసరికి ఎండుగడ్డి రంగుకు తిరుగుతాయి. ఒకప్పుడు రైళ్ళు నడిచిన దారి ఇప్పుడు ఐరన్ హార్స్ ట్రెయిల్ అనే నడకబాట. సాయంత్రాలు మా వీధుల్లో నడుస్తుంటే ఒక ఇంట్లోంచి పియానో, మరో ఇంట్లోంచి సరళీస్వరాలు వినిపిస్తుంటాయి.

మా అమ్మాయికి ఏడేళ్ళు రాగానే మేమూ ఆ వరసలో చేరాం. ఇల్లు ఖాళీ చేస్తున్న ఒక పెద్దావిడ దగ్గర పాత అప్‌రైట్ పియానో చవగ్గా దొరికింది. కొన్నదానికంటే మోయించినదానికే ఎక్కువయింది! పియానో అంటే నాకు తెలిసిందల్లా మన పాత నలుపు తెలుపు సినిమాల్లో మేడమెట్ల పక్కన ఉండేదే. మా ఇంట్లో అంత హాలెక్కడిది? ఫ్యామిలీ రూములో హీటర్ గాలి వచ్చే చోట, ఎండపడే కిటికీ పక్కన ఖాళీ ఉంటే అక్కడ పెట్టించాం. పైన లేసుగుడ్డ, దానిమీద ఫొటోలు, ఒక పూలకుండీ. నా లెక్కలో అదీ ఒక సోఫాలాంటి సామానే.

మొదటి ఏడాది హాయిగా సాగింది. రెండో ఏడు అక్టోబరు వచ్చేసరికి ప్రాక్టీసంటే ఏడుపు. "నాన్నా, టీచర్ ఇంట్లో ఇలా ఉండదు. మన పియానోయే తప్పు పలుకుతోంది" అనేది. వసంతంలో సర్టిఫికెట్ ఆఫ్ మెరిట్ పరీక్ష ఉంది. కాలిఫోర్నియా సంగీత ఉపాధ్యాయుల సంఘం 1933 నుంచి నడుపుతున్న పరీక్ష అది. నా కంగారు నాది. "ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది" అని కసిరాను. పైగా ఆ సామెతకు అర్థం విడమరిచి మరీ చెప్పాను. పిల్ల మూత వేసి మేడమీదికి వెళ్ళిపోయింది.

అప్పుడు మా అమ్మ విజయనగరం నుంచి వచ్చి మా దగ్గరే ఉంది. చిన్నప్పుడు వీణ నేర్చుకున్న మనిషి. సోఫాలో కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ, "ఒరే, దాన్నెందుకు ఏడిపిస్తావు? ఆ పెట్టె శ్రుతిలో లేదు. నాలుగు రోజుల నుంచీ వింటున్నాను" అంది.

"పియానోకు శ్రుతేమిటమ్మా, అదేమన్నా వీణా? మెట్టు నొక్కితే పలకడమే కదా" అన్నాను. అమ్మ ఇంకేం మాట్లాడలేదు.

చివరికి ట్యూనింగ్ చేసే పెద్దాయన్ని పిలిపించాం. ఆఖరిసారి ఎప్పుడు చేయించారని ఆయన అడిగితే, కొన్నాక ఒక్కసారీ చేయించలేదని చెప్పాల్సి వచ్చింది. ముందు పలక విప్పగానే అమ్మాయి కళ్ళు పెద్దవయ్యాయి. 88 మెట్లకు దాదాపు 230 తీగలు! ఆ తీగలన్నీ కలిసి ఇనుప చట్రాన్ని లాగే బలం సుమారు 18 టన్నులట. మెట్టు నొక్కితే ఉన్ని మెత్త చుట్టిన చిన్న సుత్తి వచ్చి తీగను కొడుతుంది. ఆ మోతను గదంతా నింపేది తీగల వెనకాల ఉండే స్ప్రూస్ చెక్క పలక. గాలిలో తేమ పెరిగితే ఆ పలక ఉబ్బి తీగలను బిగిస్తుంది, శ్రుతి పైకి పోతుంది. ఆరితే కుంగి శ్రుతి దిగుతుంది.

మా ఊరి గాలి సంగతి ఇక్కడే వస్తుంది. వానాకాలంలో తేమ. శరదృతువులో ఈశాన్యం నుంచి పొడిగా వీచే డయాబ్లో గాలులు. ఆ వెంటనే ఇళ్ళలో హీటర్లు మొదలు. మేమేమో పియానోను సరిగ్గా ఆ వేడిగాలికి ఎదురుగానే పెట్టాం.

ఆయన నడిమి మెట్టు ఒకటి నొక్కాడు. దానికి మూడు తీగలు. ఒక్కొక్కటీ విడిగా వినిపిస్తే మూడూ మూడు దారులు! మూడూ కలిస్తే వణుకు. మా అమ్మాయి వైపు తిరిగి, "నువ్వు చెప్పింది నిజమే, నీ చెవి మంచిది" అన్నాడు. నేను తల దించుకున్నాను. శ్రుతి బాగా దిగిపోయింది కాబట్టి ఒక్కసారిగా నిలబడదని, కొన్ని వారాలకు మళ్ళీ వచ్చి సరిచేశాడు.

పియానోను లోపలి గోడకు మార్చాం. ఏడాదికి రెండుసార్లు ట్యూనింగ్. తేమ చూపే చిన్న మీటరు ఒకటి పక్కనే పెట్టాం. అది 40, 50 శాతం మధ్య ఉంటే మంచిదట. పూలకుండీ, నీళ్ళ గ్లాసూ పైన పెట్టడం బంద్. చేతులు కడుక్కుని తుడుచుకున్నాకే మెట్లు ముట్టుకోవాలి. దుమ్ము పడితే కాస్త తడిపి గట్టిగా పిండిన మెత్తటి గుడ్డతో తుడిచి, వెంటనే పొడిగుడ్డతో ఒత్తాలి. ఈ పనులన్నీ మా అమ్మాయివే, మేం చెప్పక్కర్లేదు.

శ్రుతి కుదిరాక మా అమ్మ కూడా పియానో దగ్గరికి చేరింది. పిల్లలూ, మీ ఇంట్లో కీబోర్డు ఉన్నా ఈ ఆట ఆడొచ్చు. మూడు నల్లమెట్లు పక్కపక్కన ఉన్నచోట మొదటిదాన్ని 'స' అనుకోండి. అక్కణ్ణుంచి నల్లమెట్లే వరసగా వాయిస్తూ పైకి వెళితే మోహనం. రెండోదాన్ని 'స' చేస్తే మధ్యమావతి. మూడోదాన్ని చేస్తే హిందోళం! మెట్లు అవే, మొదలుపెట్టే చోటే వేరు. గమకాలు మాత్రం పియానోలో పలకవు, ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారే వీలు లేదు. "పోనీలే, అది నేను పాడతాను" అంటుంది అమ్మ. మనవరాలు వాయిస్తే నాయనమ్మ గొంతు కలుపుతుంది.

ఆ రోజు ట్యూనింగ్ ఆయన వెళ్ళాక మేడమీదికి వెళ్ళి అమ్మాయికి సారీ చెప్పాను. "అయితే ఆ సామెత తప్పా నాన్నా?" అనడిగింది.

"సామెత తప్పు కాదమ్మా. ముందు మద్దెలను చూడకపోవడం నా తప్పు" అన్నాను.

ఈ అక్టోబరులో గాలి మళ్ళీ పొడిగా మొదలైంది. బడి నుంచి రాగానే బ్యాగు అక్కడ పడేసి మీటరు చూసింది. "ముప్పై రెండు! నాన్నా, ఆయనకు ఫోన్ చెయ్యి" అంది. ఈసారి వెంటనే చేశాను.