మేత ముట్టని చేప

“చేప మేత ముట్టడం లేదండీ” అని ఫోన్ వస్తే నేను ముందు అడిగేది మొప్పల సంగతి. రెండు మొప్పలూ ఒకేలా ఆడుతున్నాయా, ఒకటి మూసుకుని రెండోదే ఆడుతోందా? పంపు నుంచి నీళ్ళు వచ్చే చోటికి వెళ్ళి నోరు తెరుచుకుని నిలబడుతోందా? అది తెలుసుకున్నాక, నేను వచ్చేదాకా తొట్టిలో ఏమీ వేయొద్దని చెబుతాను. ఈ రెండో మాట పాటించడం చాలామందికి కష్టం. తినని ప్రాణి కళ్ళెదుట ఉంటే ఇంకో రకం మేత వేద్దాం, ఇంకాస్త వేద్దాం అనే అనిపిస్తుంది ఎవరికైనా. ఆ మేతంతా రాళ్ళ సందుల్లోకి పోయి కుళ్ళి అమ్మోనియా అవుతుంది. అసలే నలతగా ఉన్న చేపకు ఊపిరాడని కష్టం కూడా తోడవుతుంది.

విశాఖపట్నంలో ఉప్పునీటి అక్వేరియంలు చూసుకోవడం నా వృత్తి. ఇళ్ళలో, ఆసుపత్రుల్లో, హోటళ్ళలో ఉన్న తొట్లను వారం వారం వెళ్ళి చూస్తాను. గోల్డ్‌ఫిష్‌కీ సముద్రపు చేపకీ తేడా రంగుల్లోనే ఉందనుకుంటారు చాలామంది. అసలు తేడా దాహంలో ఉంది. సముద్రపు చేప రక్తంలో ఉప్పు, చుట్టూ ఉన్న నీటిలోని ఉప్పులో సుమారు మూడో వంతే. అందువల్ల దాని ఒంట్లోని నీరు మొప్పల గుండా బయటికి పోతూనే ఉంటుంది. ఆ లోటు పూడ్చుకోవడానికి అది ఉప్పునీళ్ళు తాగుతూ, ఎక్కువైన ఉప్పును మొప్పల ద్వారా బయటికి పంపుతూ బతకాలి. మొప్పలు దెబ్బతింటే నిండు తొట్టిలో ఉండి కూడా ఒళ్ళు ఎండిపోతుంది. తిండి మానేసిన చేప ప్రాణం ఆకలికన్నా ముందు దీనివల్లే పోవచ్చు. ఒంట్లో బాగున్న చేపకు కొన్ని రోజుల పస్తు పెద్ద లెక్క కాదు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపానుకు ఊళ్ళో రోజుల తరబడి కరెంటు లేనప్పుడు మేం చేసిన మొదటి పని మేత ఆపేయడమే. బ్యాటరీ ఎయిర్ పంపుల మీద, ఖాళీ కడుపులతోనే చాలా చేపలు గట్టెక్కాయి.

తొట్టి దగ్గరికి వెళ్ళగానే నీటి పరీక్షలు చేస్తాను. అమ్మోనియా, నైట్రైట్ సున్నా ఉండాలి. పీహెచ్ 8.1కీ 8.4కీ మధ్య, సాంద్రత 1.025 దగ్గర, వేడి 25, 26 డిగ్రీలు. ఇవి తప్పితే మిగతా ఆలోచనలన్నీ పక్కన పెట్టి ముందు నీళ్ళు మార్చాలి. ముల్లు తిరిగే ప్లాస్టిక్ హైడ్రోమీటర్లను నేను నమ్మను. ముల్లుకు చిన్న బుడగ అంటుకున్నా అంకె మారిపోతుంది. రిఫ్రాక్టోమీటరే వాడతాను, దాన్నీ 35 పీపీటీ ద్రావణంతో సరిచూసుకున్నాకే.

ఆ తర్వాత గదిలో లైటు ఆర్పి, దూరంగా కుర్చీ వేసుకుని కూర్చుంటాను. నా పనిలో అసలైన భాగం ఇదే. చిటికెడు మేత వేసి చూస్తే సగం సంగతి తెలిసిపోతుంది. మేత పడ్డా కన్ను తిప్పని చేపకు జబ్బు ముదిరిందని అర్థం. మేత చూసి ముందుకు వచ్చి, అంతలోనే వెనక్కి తగ్గితే తొట్టిలో ఇంకేదో చేప దాన్ని బెదిరిస్తోంది. నోట్లోకి తీసుకుని ఉమ్మేస్తే నోట్లో దెబ్బ తగిలి ఉండాలి, మొప్పల్లో పురుగు పట్టి ఉండాలి, లేదా అది తిండి అని దానికింకా తెలియకుండా ఉండాలి. ఒక్కోదానికి ఒక్కో వైద్యం.

ఇవేవీ తేల్చుకోకుండా షాపులో ఇచ్చిన నీలం సీసా, పచ్చ సీసా రెండూ తొట్టిలో ఒంపేసేవాళ్ళను చూస్తే నాకు బాధేస్తుంది. ముఖ్యంగా రాగి మందు. ఒంటి మీద తెల్లచుక్కలు తెచ్చే క్రిప్టోకారియాన్‌కు రాగి మంచి మందే. కాపర్ సల్ఫేట్ వాడితే నీటిలో రాగి లీటరుకు 0.15 నుంచి 0.20 మిల్లీగ్రాముల మధ్య నిలకడగా ఉండాలి. తగ్గితే పురుగు చావదు, పెరిగితే చేప చస్తుంది. పైగా రాగి ఆకలిని ఇంకా చంపేస్తుంది. పగడాలు, రొయ్యలు ఉన్న తొట్టిలో పోస్తే అవన్నీ పోతాయి. ఒంటి మీద బంగారు రంగు పొడి కనిపించే వెల్వెట్ జబ్బయితే మాత్రం నేనూ ఆగను. అది కొద్ది రోజుల్లోనే ప్రాణం తీస్తుంది. తెల్లచుక్కల జబ్బుకు ఇంకో దారి ఉంది. చేపను విడి తొట్టిలో పెట్టి సాంద్రతను నెమ్మదిగా 1.009కి దించి కొన్ని వారాలు ఉంచడం. పురుగు ఆ నీటిలో బతకలేదు, చేపకేమో ఉప్పు తోసే పని తగ్గుతుంది. తినని చేపకు నేను ముందు దీన్నే ఆలోచిస్తాను.

ఎంవీపీ కాలనీలో రిటైరైన హెడ్‌మాస్టారొకరు పెద్ద తొట్టి పెట్టుకున్నారు. అందులోకి కాపర్‌బ్యాండ్ బటర్‌ఫ్లై చేప ఒకటి వచ్చింది. తెల్లటి ఒంటి మీద నిలువుగా రాగిరంగు పట్టీలు, పొడుగాటి సన్నమూతి. ఆ మూతితో పగడపు దిబ్బల చీలికల్లోంచి పురుగుల్ని ఏరుకుని తినే చేప అది. పైనుంచి రాలిపడే గుళికను తిండిగా గుర్తుపట్టదు.

“నిన్న రొయ్య తరిగి వేశాను, మొన్న గుళికలు వేశాను, దేనికీ మూతి పెట్టలేదు. దీనికేదో దిగులు పట్టుకుంది బాబూ” అన్నారు మాస్టారు.

“ముందు దాని కన్ను చూడండి మాస్టారూ” అన్నాను.

కన్ను మీద పల్చటి మసక ఉంది. ఊపిరి వడిగా ఉంది. ఉండుండి ఇసుకకు ఒళ్ళు రాసుకుంటోంది. అదే తొట్టిలో ఉన్న పౌడర్ బ్లూ టాంగ్ చేప అటుగా వచ్చినప్పుడల్లా రాయి వెనక్కి జారుకుంటోంది. కడుపు వీపుకు అంటుకుపోయింది గానీ, తల వెనక కండ ఇంకా నిలిచి ఉంది. నేను అన్నిటికన్నా ముందు చూసేది అదే. కడుపు లోపలికి పోయిన చేప కోలుకుంటుంది. తల వెనక గుంట పడిందంటే ఒంట్లోని కండే కరిగిపోతోందన్నమాట. అక్కణ్ణుంచి దాన్ని మళ్ళీ కోలుకునేలా చేయడం బహు కష్టం. మలం తెల్లగా దారంలా వస్తోందని మాస్టారు కంగారు పడ్డారు. పేగుల్లో పురుగులున్నా అలాగే వస్తుంది, ఏమీ తినకపోయినా అలాగే వస్తుంది. దాన్ని బట్టి మందు వేయలేదు.

ఈ చేపలు మన దాకా ఎలా వస్తాయో తెలిస్తే అవి ఎందుకు తినవో తెలుస్తుంది. సంచిలో నీళ్ళు పాడవకుండా ఎగుమతికి ముందే వాటిని పస్తు పెడతారు. ప్రయాణంలో సంచి నీటిలో అమ్మోనియా పేరుకుంటుంది. చేప వదిలిన కార్బన్ డయాక్సైడ్ వల్ల పీహెచ్ పడిపోయి, ఆ అమ్మోనియా విషం చాలావరకు అణిగి ఉంటుంది. సంచి విప్పగానే గాలి తగిలి పీహెచ్ లేస్తుంది, అమ్మోనియా విషమవుతుంది. దూరం నుంచి వచ్చిన సంచిని విప్పి, గంటల తరబడి చుక్కచుక్కగా నీళ్ళు కలుపుతూ కూర్చోవడం అందుకే నాకు ఇష్టం ఉండదు. ఇవన్నీ ఒక ఎత్తు, సైనైడ్ ఒక ఎత్తు. ఫిలిప్పీన్స్, ఇండోనేషియా దిబ్బల్లో సోడియం సైనైడ్ నీళ్ళు చిమ్మి, మత్తెక్కిన చేపల్ని పట్టడం దశాబ్దాలుగా ఉంది. చట్టం ఒప్పుకోకపోయినా పూర్తిగా ఆగలేదు. అలా పట్టిన చేపను షాపులో గుర్తుపట్టడం నాలాంటివాడికి కూడా సాధ్యం కాదు. దీని మీద నాకున్న కోపం ఇన్నేళ్ళయినా తగ్గలేదు.

మాస్టారి చేపకు మంచినీళ్ళ స్నానం చేయించాను. నల్ల బకెట్‌లో క్లోరిన్ లేని ఆర్.ఓ. నీళ్ళు, వేడి తొట్టితో సమానంగా. పీహెచ్ కలవడానికి కాస్త తినే సోడా. ఎయిర్ స్టోన్ ముందే వేసి ఉంచాలి. అయిదు నిమిషాలకు మించి ఉంచను, ఆ అయిదు నిమిషాలూ పక్క నుంచి కదలను. కాసేపటికే బకెట్ అడుగున తెల్లటి నువ్వుగింజల్లాంటివి రాలడం మొదలైంది. ఫ్లూక్స్ అనే బద్ద పురుగులవి. చేప ఒంటి మీద ఉన్నంతసేపూ గాజులా కనబడవు, మంచినీళ్ళు తగిలితే తెల్లబడి ఊడిపోతాయి. మాస్టారు కళ్ళజోడు సర్దుకుని బకెట్ మీదికి వంగారు. “ఇవన్నీ దాని ఒంటి మీదే ఉన్నాయా!” అని, ఆ తర్వాత చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

స్నానంతో పని అయిపోదు. మొప్పల లోపల మిగిలినవి, అవి పెట్టిన గుడ్లు ఉంటాయి. అందుకే చేపను 60 లీటర్ల విడి తొట్టిలోకి మార్చి ప్రాజిక్వాంటెల్ వేశాను. గుడ్లకు ఆ మందు పనిచేయదు కాబట్టి అవి పొదిగాక మళ్ళీ వేయాలి. ఆ తొట్టిలో ఇసుక లేదు, రాయి లేదు. పాత తొట్టిలో నెలల తరబడి నానిన స్పాంజి ఫిల్టరు, దాక్కోవడానికి పీవీసీ ఎల్బో ముక్కలు, మూడు పక్కలా నల్ల కాగితం. మనుషుల అలికిడి లేని గది. ఇవన్నీ కుదిరాకే మేత గురించి ఆలోచించాను.

మేత విషయంలో మన తీరం నాకు పెద్ద అండ. భీమిలి వైపు రొయ్యల హేచరీల్లో వెనామీ రొయ్య పిల్లల మేత కోసం ఆర్టీమియా అనే సన్నటి ఉప్పునీటి జీవి గుడ్లు పొదిగిస్తారు. వాటిలో చాలా భాగం అమెరికాలోని గ్రేట్ సాల్ట్ లేక్ నుంచి డబ్బాల్లో వచ్చేవే. 28 డిగ్రీల ఉప్పునీటిలో గాలి ఆడిస్తే ఒక్క రోజులో పిల్లలు బయటికొస్తాయి. గాలి ఆపి కింద లైటు పెడితే పెంకులు పైకి తేలుతాయి, పిల్లలు వెలుగు దగ్గర నారింజ రంగులో గుమిగూడుతాయి. గుడ్డులోంచి తెచ్చుకున్న బలం వాటిలో కొన్ని గంటలే ఉంటుంది, వెంటనే వాడాలి. నేను జగ్గు పట్టుకుని వెళ్తే అక్కడి టెక్నీషియన్ కుర్రాడు “ఏం అన్నా, మళ్ళీ ఏ చేప అలిగింది?” అని అడిగి, డబ్బు తీసుకోకుండా నింపి ఇస్తాడు.

కాపర్‌బ్యాండ్ మొదట వాటి వెంటే కన్ను తిప్పింది. ఒకటో రెండో పట్టింది. అవి దాని ఆకలికి చాలవు, కదిలే తిండిని వెంటాడే బుద్ధి లేస్తుందంతే. అప్పుడు ఆల్చిప్ప ఇచ్చాను. హార్బర్‌లో కొని, పురుగు చావడానికి ఫ్రీజర్‌లో పెట్టి తీసి, ఒక రెక్క విరిచి, మాంసం పైకి ఉండేలా పైపు ముక్కలో ఇరికించాను. చేప పక్కగా వచ్చి ఒక కంటితో చూసింది. మూతి కొస తాకించి వెనక్కి పోయింది. మళ్ళీ వచ్చి చిన్న పోగు లాగింది. అది మింగాక ఇక ఆగలేదు, మాంసం అంచు పట్టి తల విదిలించి విదిలించి లాగింది. గంటలో ఆ చిప్ప తీసేయాలి, లేకపోతే నీళ్ళు పాడవుతాయి. రోజులు గడిచేకొద్దీ ఆ చిప్పలోనే ఫ్రోజెన్ మైసిస్ (రొయ్యల్లాంటి చిన్న జీవులు) కూర్చి పెట్టాను, తర్వాత ఖాళీ చిప్పలో మైసిస్ ఒక్కటే. వెల్లుల్లి రసం కలిపితే వాసనకు కొన్ని చేపలు దగ్గరికొస్తాయి, అందుకు వాడతాను. అది తెల్లచుక్కలకు మందని చెప్పేవాళ్ళ మాట నమ్మొద్దు.

అన్నీ ఇలా లేచి తినవు. లవంగ నూనెతో మత్తిచ్చి, సన్నటి మెత్తని గొట్టంతో కడుపులోకి మేత పంపిన సందర్భాలున్నాయి. పశువైద్యులు పక్కన ఉంటేనే ఆ పని చేస్తాను. వెన్ను గుంటపడి, పక్కకు వాలిపోయిన చేపను అదే లవంగ నూనెతో, ఎక్కువ మోతాదులో సాగనంపాల్సి వచ్చింది కూడా. యజమాని వద్దన్నా ఆ మాట నేనే చెబుతాను. ఊపిరి కోసం కొట్టుకునే ప్రాణిని ఆశ పేరుతో ఇంకా నిలబెట్టడం నాకు చేతకాదు.

మాస్టారి చేప మైసిస్ చేతికందేంత దగ్గరగా వచ్చి తింటున్నాక పెద్ద తొట్టికి తెచ్చాను. నేరుగా వదలలేదు. కన్నాలున్న అక్రిలిక్ పెట్టెలో పెట్టి తొట్టి లోపల వేలాడదీశాను. టాంగ్ వచ్చి పెట్టెను తోకతో కొట్టింది, రోజులు గడిచాక పట్టించుకోవడం మానేసింది. అప్పుడు మూత తీశాను.

“దీనికి జోడీ ఒకటి తెద్దామా?” అన్నారు మాస్టారు. వద్దన్నాను. ఈ జాతి చేపలు రెండు ఒకే తొట్టిలో సాధారణంగా కొట్టుకుంటాయి. ఇంకా చేపలు కావాలంటే క్లౌన్‌ఫిష్ తీసుకోమన్నాను. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధనా సంస్థ (సీఎంఎఫ్ఆర్ఐ) శాస్త్రవేత్తలు మండపంలో, విళింజంలో వాటి పిల్లల్ని పెంచే పద్ధతి తయారుచేశారు. తొట్టిలో పుట్టి పెరిగిన పిల్ల గుళికలు తినడం చిన్నప్పుడే నేర్చుకుంటుంది. ఏది కొన్నా డబ్బు ఇచ్చే ముందు షాపులో మీ ఎదురుగానే మేత వేయించి చూడమన్నాను. కాపర్‌బ్యాండ్‌కు రోజుకు మూడుసార్లు, కొంచెం కొంచెంగా పెట్టాలి. సంక్రాంతికి మాస్టారు కూతురి ఊరు వెళ్తారు కాబట్టి, కింది వాటా అబ్బాయికి మైసిస్ కరిగించడం, చిప్పలో కూర్చడం ఇప్పటి నుంచే నేర్పుతున్నాను.