ఉపసంపద: సంఘమౌనం వల్ల సిద్ధించే భిక్షుత్వం

కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న నడిగడ్డ సీమలో వేదఘోష అనూచానంగా వినవస్తున్నది. గద్వాల సంస్థానాన్ని పండితలోకం "విద్వద్గద్వాల" అని పిలుచుకొన్నది. వనపర్తి ప్రభువులూ విద్వత్పోషణలో వెనుకబడినవారు కారు. శ్రీశైల మహాక్షేత్రానికి పశ్చిమద్వారమైన అలంపురం ఈ సీమలోనిదే. ఉత్తరద్వారమైన ఉమామహేశ్వరం నాగర్‌కర్నూలు జిల్లాలో అచ్చంపేట చెంత వెలసినది. ఇటువంటి నేలపై పుట్టి పెరిగిన ఆస్తికునికి "భిక్షువు" అనే శబ్దం చెవిన పడగానే దండకమండలువులు ధరించిన యతిమూర్తి మనస్సులో మెదలుతుంది. ధర్మశాస్త్రాలలో సన్న్యాసికి భిక్షువు అనే పర్యాయపదం ఉన్నది కనుక ఇది సహజమే.

అయితే అదే కృష్ణానది నల్లమల అడవులను చీల్చుకొని, శ్రీశైలం దాటి దిగువకు ప్రవహించి, నాగార్జునకొండ లోయను చేరుతుంది. క్రీ.శ. 3వ శతాబ్దంలో ఆ లోయలోని విహారాలలో నివసించినవారూ భిక్షువులే. వస్త్రవర్ణం ఒకటే, భిక్షాటనం ఒకటే, గృహత్యాగం ఒకటే. కాని ఆ స్థితిని పొందే మార్గంలో మాత్రం ఒక మౌలికమైన భేదం ఉన్నది. సాధకులు ఆలోచింపదగిన విషయం అదే.

వైదిక సన్న్యాసక్రమంలో అధికారి అష్టశ్రాద్ధాలు ఆచరిస్తాడు. వాటిలో తనకు తానే పిండప్రదానం చేసుకొంటాడు. విరజాహోమం ముగించి, అగ్నులను ఆత్మయందు సమారోపణం చేసి, శిఖాయజ్ఞోపవీతాలను విసర్జిస్తాడు. ఆపై ప్రైషమంత్రాన్ని ముమ్మారు ఉచ్చరించి సర్వభూతాలకూ అభయం ఇస్తాడు. గురువు కాషాయదండాలను, మహావాక్యాన్ని అనుగ్రహిస్తాడన్నది నిజమే. అయినా "సన్న్యసించితిని" అని పలుకవలసిన నోరు ఆ సాధకునిదే. మరణశయ్యపై ఉన్నవానికి ఆతురసన్న్యాసం విహితమైనది. అతడు వాక్కుతోనో, అదీ సాధ్యం కానప్పుడు మనస్సుతోనో త్యజించవచ్చునని జాబాలోపనిషత్తు అనుమతిస్తుంది. ప్రక్కన మరొకరు లేకపోయినా ఆ త్యాగం సిద్ధిస్తుంది.

బౌద్ధ వినయంలో ఆతుర ఉపసంపద అనేది లేదు. ఎంతటి విరక్తుడైనా తనకు తానుగా భిక్షువు కాలేడు. మొదట ప్రవ్రజ్య స్వీకరించి శ్రామణేరుడవుతాడు. ఇరవై సంవత్సరాలు నిండిన పిమ్మట ఉపసంపదకు అర్హుడవుతాడు. ఆ ఇరవై సంవత్సరాలను జననం నుండి కాక గర్భప్రవేశం నుండి లెక్కించవచ్చునని వినయపిటకం చెబుతున్నది. గర్భాష్టమంలో ఉపనయనం చేసే ఇండ్లవారికి ఈ లెక్క కొత్త కాదు.

సీమ అనే నిర్ణీతమైన హద్దు లోపల సంఘం సమావేశం కావాలి. మధ్యదేశంలో పదిమంది భిక్షువులకు తక్కువ కారాదు. కనీసం పది వర్షావాసాలు గడిపిన ఉపాధ్యాయుడు ఒకరు అభ్యర్థి భారం వహించాలి. అభ్యర్థి దగ్గర భిక్షాపాత్ర, మూడు చీవరాలు ఉండాలి. ఆపై ప్రశ్నలు మొదలవుతాయి. కుష్ఠు, క్షయ, అపస్మారం వంటి వ్యాధులున్నవా? స్వతంత్రుడవేనా? ఋణం లేనివాడవేనా? రాజసేవలో లేవు కదా? తల్లిదండ్రులు అనుమతించినారా? నీ పేరేమి? నీ ఉపాధ్యాయుని పేరేమి?

ఇవి శుష్కప్రశ్నలుగా కనబడవచ్చు. కాని వీటిలో కొన్నింటి వెనుక ఎవరో ఒకరి ఆవేదన ఉన్నది. మగధలో వ్యాధులు ప్రబలినప్పుడు, జీవకుడు భిక్షుసంఘానికి చికిత్స చేస్తాడని తెలిసి కొందరు వైద్యం కోసమే కాషాయం కట్టినారు. నయం కాగానే విడిచి వెళ్ళినారు. బింబిసారుని యోధులు యుద్ధవిముఖులై వచ్చి సంఘంలో చేరినారు. అన్నింటికన్న హృదయాన్ని కలచేది తల్లిదండ్రుల అనుమతిని గురించినది. కుమారుడు సిద్ధార్థుడు వెళ్ళిపోయినాడు, నందుడు వెళ్ళినాడు, చివరకు మనుమడు రాహులునికి సైతం ప్రవ్రజ్య ఇచ్చినారు. అప్పుడు వృద్ధుడైన శుద్ధోదనుడు వచ్చి, ఇక మీదట తల్లిదండ్రుల అనుజ్ఞ లేని బిడ్డను స్వీకరించవద్దని వేడుకొన్నాడు. బుద్ధుడు ఆ మాటను నియమంగా చేసినాడు. ఒక తండ్రి దుఃఖం నేటికీ ప్రతి ఉపసంపదలోనూ ప్రశ్నగా నిలిచి ఉన్నది.

నిండుసభలో ఇవన్నీ హఠాత్తుగా అడిగేసరికి పూర్వం కొందరు సిగ్గుతో సమాధానం చెప్పలేక తడబడినారట. అందువల్ల అభ్యర్థిని ముందుగా ప్రక్కకు తీసుకొనిపోయి, అడుగబోయేది బోధించి, భయం తీర్చి తీసుకొనిరావాలని ఏర్పాటు చేసినారు. శాస్త్రం ఇంతటి దయతో ఉండటం ముచ్చటైన విషయం.

తరువాత అభ్యర్థి ముమ్మారు యాచిస్తాడు. సమర్థుడైన ఒక భిక్షువు సంఘానికి జ్ఞప్తి చేసి, కర్మవాచను మూడుసార్లు పఠిస్తాడు. సమ్మతించినవారు మౌనంగా ఉండాలి; సమ్మతించనివారు మాట్లాడాలి. మూడవ పఠనం ముగిసేవరకు ఎవరూ నోరు విప్పకపోతే అతడు భిక్షువైనట్లే. ఈ విధికి జ్ఞప్తిచతుర్థకర్మ అని పేరు. ప్రైషోచ్చారణ వంటిది ఏదీ ఇందులో లేదు. నిర్ణయం చేసేది పరుల మౌనం.

ఆ క్షణంలోనే వెలుపల నీడను కొలవాలి. ఋతువు, దినభాగం చెప్పాలి. వైదికకర్మలో సంకల్పానికి దేశకాలాలు చెప్పుకొన్నట్లే ఉన్నది. కాని ఇక్కడ ప్రయోజనం వేరు. ఆ గడియ నుండి అతని జ్యేష్ఠత్వం లెక్కింపబడుతుంది. వయస్సూ కులమూ లెక్కకు రావు. శాక్యకుమారులు తమ అభిమానం అణగడానికై మంగలి ఉపాలికి ముందుగా ప్రవ్రజ్య ఇప్పించుకొన్నారు, ఇకపై తామే అతనికి నమస్కరింపవలసి ఉండేలా. వర్ణధర్మాన్ని నమ్మినవారు కూడా ఈ ఘట్టం ముందు కొంచెంసేపు నిలువక తప్పదు.

ఈ విధి ఏర్పడటానికి ఒక బ్రాహ్మణుడు కారణమైనాడు. రాధుడనే ఆ వృద్ధుడు ప్రవ్రజ్య కోరితే భిక్షువులు ఇష్టపడలేదు. ఆ దిగులుతో అతడు కృశించి, పాలిపోయినాడు. బుద్ధుడు సంగతి విని, ఈ బ్రాహ్మణుని వల్ల కలిగిన ఉపకారం ఎవరికైనా గుర్తున్నదా అని అడిగినాడు. శారిపుత్రుడు ముందుకు వచ్చి, రాజగృహంలో తాను భిక్షకు తిరుగుతుండగా ఇతడు ఒక గరిటెడు అన్నం పెట్టించినాడని విన్నవించినాడు. ఆ గరిటెడు అన్నపు ఋణమే చాలింది. అంతవరకు ఉన్న త్రిశరణోచ్చారణ పద్ధతిని మాని, జ్ఞప్తిచతుర్థకర్మను బుద్ధుడు విధించినది ఆ సందర్భంలోనే.

పదిమంది నియమం దక్షిణాపథంలో కష్టాలు తెచ్చింది. అవంతి ప్రాంతంలో మహాకాత్యాయనుని ఉపాసకుడైన సోణకుటికర్ణునికి ఉపసంపద కోసం పదిమంది భిక్షువులను సమకూర్చడానికి మూడేండ్లు పట్టింది. ఆ పిమ్మట సోణుడు శ్రావస్తికి వెళ్ళి, గురువు పక్షాన విన్నవించగా, ప్రత్యంత జనపదాలలో వినయధరునితో కలిపి ఐదుగురు చాలునని సడలింపు లభించింది. మధ్యదేశపు దక్షిణ హద్దుకు ఎంతో దూరాన ఉన్న తెలుగునేల ఈ లెక్కన ప్రత్యంత జనపదమే.

నాగార్జునకొండ లోయలో ఐదుగురికి కొరత ఉండేది కాదు. ఇక్ష్వాకు ప్రభువు శాంతమూలుడు అగ్నిష్టోమ, వాజపేయ, అశ్వమేధాలు ఆచరించిన శ్రౌతయజ్వ. ఆయన సోదరి శాంతిశ్రీ అక్కడ మహాచైత్యాన్ని పోషించినది. ఒకే ఇంట అరణి మథనమూ చైత్యవందనమూ సాగినవి. ఉపాసిక బోధిశ్రీ తామ్రపర్ణి, అంటే సింహళ, ఆచార్యుల కోసం చైత్యగృహం కట్టించినది. అపరమహావినశైలీయులు, బహుశ్రుతీయులు, మహీశాసకులు అందరికీ అక్కడ నివాసాలుండేవి. 1954లో మొదలైన త్రవ్వకాలు ముగిసిన పిమ్మట లోయ జలాశయంలో మునిగినది. కొన్ని కట్టడాలను మాత్రం కొండపైకి తరలించినారు.

నీట మునిగిన ఇటుకల కన్న ముందే మరొకటి మునిగిపోయినది. ఈ నేలపై ఆ ఐదుగురి పరంపర తెగిపోయినది. వేదశాఖ ఎట్లా నశిస్తుందో ఎరిగినవారికి దీని అర్థం విడమరచి చెప్పనక్కరలేదు. తాళపత్రం మిగిలినా, స్వరం తెలిసిన చివరి అధ్యేత వెళ్ళిపోతే శాఖ వెళ్ళిపోయినట్లే. వినయగ్రంథం ముందు పెట్టుకొని వేయిమంది కూర్చున్నా, వారిలో ఉపసంపన్నులు లేకపోతే ఒక్క భిక్షువూ పుట్టడు. పదవ శతాబ్దంలో టిబెట్టులో ముగ్గురు భిక్షువులే మిగిలినప్పుడు, గోంగ్‌పా రబ్‌సల్ ఉపసంపదకు ఇద్దరు చీనాదేశపు భిక్షువులను కలుపుకొని ఐదుగురిని పూర్తి చేసినారు. సింహళంలో వెలివిట శరణంకరుడు 1698లో జన్మించి, చిన్నవయస్సులోనే శ్రామణేరుడై, పాళీవిద్యను పునరుద్ధరించి, శిష్యగణానికి గురువై కూడా తాను మాత్రం భిక్షువు కాలేకపోయినాడు. ద్వీపంలో ఐదుగురు లేరు. 1753లో సయాం నుండి ఉపాలి మహాథేరుడు సంఘసమేతంగా కాండీ చేరిన పిమ్మటనే, అర్ధశతాబ్ది దాటిన వయస్సులో, ఆ మహాపండితుడు అభ్యర్థిగా నిలబడి "నీ పేరేమి" అనే ప్రశ్నకు బదులు చెప్పినాడు.

కాషాయం కట్టుకొన్న తరువాత ఏమిటి? పిండపాతం, పాంసుకూలం, వృక్షమూలం, గోమూత్రౌషధం అనే నాలుగు ఆశ్రయాలను, అతిక్రమిస్తే భిక్షుత్వం నశించే నాలుగు పారాజికాలను వెంటనే వినిపిస్తారు. థేరవాదంలో శిక్షాపదాలు 227. సన్న్యాసం నుండి మరలినవానిని స్మృతులు ఆరూఢపతితుడని నిరాకరిస్తాయి. భిక్షువు మాత్రం తాను శిక్షను విడుస్తున్నానని ఒకరి ఎదుట చెప్పి గృహానికి మరలవచ్చును. పారాజికం చేయనివాడైతే తిరిగి రానూవచ్చును. దీనిలో ఏది ఉత్తమమనే వివాదం ఇక్కడ అప్రస్తుతం. కఠినమైన ద్వారానికి కఠినమైన తాళం లేకపోవడం మాత్రం గమనింపదగినది.

తెలుగునేలతో ముడిపడిన తొలి భిక్షువుల కథ ప్రాచీనమైనది. సుత్తనిపాతంలోని పారాయణవర్గం దానిని చెబుతున్నది. త్రివేదపారంగతుడైన బావరి కోసలం విడిచి, అశ్మకదేశంలో గోదావరీతీరాన ఉంఛవృత్తితో, ఫలాలతో జీవించినాడు. ఆ స్థానం నేటి నిర్మల్ జిల్లాలోని బాదనకుర్తి అని తెలంగాణ చరిత్రకారులు పలువురు భావిస్తారు. మహాయజ్ఞంలో సర్వస్వం దానం చేసినాక ఒక బ్రాహ్మణుడు వచ్చి ఐదువందలు అడిగినాడు. లేవనగానే, ఏడవనాడు నీ తల ఏడు చెక్కలవుతుందని శపించినాడు. కలతపడిన బావరి పదహారుగురు శిష్యులను బుద్ధుని వద్దకు పంపినాడు. వారు ప్రతిష్ఠానం, మాహిష్మతి, ఉజ్జయిని, విదిశ, కౌశాంబి, శ్రావస్తి, వైశాలి మీదుగా నడిచి మగధలో ఆయనను కలిసినారు. అజితుడు మొదలుగా ఒక్కొక్కరూ ప్రశ్నించినారు. అవిద్యయే ఆ తల అనీ, దానిని పగులగొట్టేది విద్య అనీ సమాధానం లభించింది. వారికి జ్ఞప్తీ కర్మవాచా అవసరం కాలేదు. "ఏహి భిక్ఖు" అనే పిలుపే వారికి ఉపసంపద అయినదని అట్ఠకథ చెబుతుంది.

పదహారుగురిలో చివరివాడు పింగియుడు. బావరికి మేనల్లుడు, తానూ జరాభారంతో ఉన్నవాడు. చూపు మసకబారింది, వినికిడి తగ్గింది. ధర్మం వింటున్నంతసేపూ, ఇంత గొప్ప మాట మామ వినలేకపోయెనే అని అతని మనస్సు గోదావరి వైపు లాగినందున, తోటివారికి అందిన పూర్ణఫలం అప్పుడు అతనికి అందలేదని వ్యాఖ్యాతలు అంటారు. అతడు అనుజ్ఞ తీసుకొని, వచ్చిన దారినంతా తిరిగి నడిచినాడు. విన్నది విన్నట్లు మామకు చెప్పినాడు. అటువంటి గురువును విడిచి క్షణమైనా ఎట్లా ఉండగలుగుతున్నావని బావరి అడిగినాడు. విడిచి ఉండటం లేదని, ముసలి శరీరం అంతదూరం పోలేకపోయినా మనస్సు రాత్రింబవళ్ళు అక్కడే ఉన్నదని పింగియుడు బదులిచ్చినాడు. జటాధారియైన నూట ఇరవైయేండ్ల బావరి ఎన్నడూ చీవరం ధరించలేదు. తాను పంపిన శిష్యుడు చెబుతుండగా, గోదావరి ఒడ్డునే కూర్చుండి విన్నాడు.