మూడో వరస

పదో తరగతి పరీక్షలు అయిపోయిన రోజుకీ, ఇంటర్ చదువు గట్టిగా మొదలయ్యే జూన్‌కీ మధ్య రెండు నెలలుంటాయి. సర్కారు లెక్కలో అవి సెలవులు. విజయవాడలో డబ్బున్నోళ్ల పిల్లలకి అవి సెలవులు కావు. ఏప్రిల్‌లోనే బ్రిడ్జి కోర్సులు మొదలవుతాయి. సెలవుల్లో క్లాసులు పెట్టొద్దని ఇంటర్ బోర్డు చెబుతూనే ఉంటది, పెట్టేవాళ్లు పెడుతూనే ఉంటారు. బైపీసీలో చేరబోయే డాక్టరు గారబ్బాయి జూన్ నాటికి కణం, కణవిభజన, వర్గీకరణ ఒక చుట్టు తిరగేసి కూర్చుంటాడు. అదే రెండు నెలల్లో మా వాడ పిల్ల నున్న మార్కెట్లో మామిడికాయలు ఏరతా ఉంటది. లేకపోతే బీసెంట్ రోడ్డులో బట్టల కొట్టు మెట్ల మీద నిలబడి "రండమ్మా రండి" అంటా ఉంటది. జూన్‌లో ఇద్దరూ ఒకే పాఠం ముందు కూర్చుంటారు. అప్పుడు ఒకణ్ణి చూపించి తెలివి అంటారు, ఇంకొకర్ని చూపించి రిజర్వేషన్ అంటారు.

తెలివి, తెలివి అని వీళ్లు కొలిచే దాంట్లో ఎండాకాలం ఎంత, బుర్ర ఎంత అని ఎవరూ విడదీసి చూడరు. నేను చూశాను. ఎందుకంటే నేను రెండు వైపులా ఉన్నాను. ఒకప్పుడు ఆ మెట్ల వైపు, ఇప్పుడు నల్లబల్ల వైపు.

నేను బయాలజీ టీచర్ని. బందరు రోడ్డు మీద ఉయ్యూరుకి ఇవతల ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో చెబుతున్నాను. మాది మాదిగవాడ. మా ఇంట్లో డిగ్రీ కాయితం చూసింది నేనే మొదలు. 2005లో తెలుగు మీడియంలో పది పాసయ్యాను. బైపీసీ అడిగితే, ఫారాలు తీసుకునే ఆయన నా కులం సర్టిఫికెట్టు చూసి, "సీఈసీ తీసుకోమ్మా, తేలిగ్గా పోద్ది. బయాలజీలో అన్నీ నోరు తిరగని మాటలు" అన్నాడు. ఆ పెద్దమనిషికి నా నోరు ఎట్టా తిరుగుద్దో ఎట్టా తెలిసిందో నాకు తెలీదు. మా నాన్న మాత్రం, "బైపీసీయే రాయండి సార్" అన్నాడు. చేతులు కట్టుకునే అన్నాడు, కానీ అన్నాడు.

ఆ ఎండాకాలం మా నాన్న లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాల కొట్లన్నీ తిరిగి తెలుగు అకాడమీ వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం కొనుక్కొచ్చాడు. రెండింటికీ అట్టల్లేవు. తెరిస్తే కణజాలం, బాహ్యచర్మం, అండాశయం, జరాయువు. తెలుగు మీడియం అంటే మన భాష అనుకున్నాను. అవి మా ఇంట్లో ఎవరూ ఎన్నడూ అనని మాటలు. పక్కనే ఇంగ్లీషు మాట, దాని వెనక లాటినో గ్రీకో. ఒక మాట అగ్రహారం నుంచి వచ్చింది, ఇంకో మాట సముద్రం అవతల నుంచి వచ్చింది. మా వాడ నుంచి ఒక్కటీ రాలేదు.

అప్పుడొక నోటుబుక్కు తీసుకుని పేజీకి రెండు నిలువు గీతలు కొట్టాను. మూడు వరసలయ్యాయి. మొదటి వరసలో పుస్తకం మాట, రెండో వరసలో ఇంగ్లీషు మాట, మూడో వరసలో మా వాడ మాట. మూడో వరస ఖాళీగా ఉండిపోద్దేమో అనుకున్నాను. నెల తిరక్కుండానే నిండింది. దాన్ని నింపింది మా అమ్మ, నాయనమ్మ, తాత. ముగ్గురికీ సంతకం రాదు.

నెమరు వేసే జంతువుల జీర్ణాశయంలో నాలుగు గదులుంటాయి: రూమెన్, రెటిక్యులమ్, ఒమేసమ్, అబొమేసమ్. పొద్దున చదివింది సాయంత్రానికి మర్చిపోయేదాన్ని. ఒక ఆదివారం మా అమ్మ బోటి కడుగుతుంటే, "అమ్మా, గొడ్డు పొట్టలో ఎన్ని సంచులుంటయ్యే?" అనడిగాను. "నాలుగు. ఏం?" అంది తలెత్తకుండా. ఒక్కోటీ విప్పి చూపించింది. తువ్వాలు గుడ్డలాగా నూగుగా ఉన్నది పెద్ద సంచి, అది రూమెన్. తేనెపట్టులాగా గళ్లు గళ్లుగా ఉన్నది రెటిక్యులమ్. "గొడ్డు మేకులూ తీగముక్కలూ మింగితే ఇందులోనే దొరుకుతయ్" అంది. పుస్తకం పేజీల్లాగా మడతలున్నది ఒమేసమ్. లోపల నున్నగా జారేది అబొమేసమ్, జీర్ణరసం ఊరేది అందులోనే. ఆ రోజు తర్వాత ఆ నాలుగు పేర్లూ నేను మర్చిపోలేదు. ఏది తింటామని మమ్మల్ని ఊరవతల పెట్టారో, దాన్నే బొమ్మ గీసి భాగాలు రాస్తే శాస్త్రం.

మా తాత లంద నేను పుట్టేనాటికే పూడ్చేశారు. కానీ అడిగితే అంతా వరసగా చెప్పేవాడు. తోలు ముందు సున్నపు నీళ్లలో వేస్తే బొచ్చు వదులుద్ది. తర్వాత తంగేడు చెక్క, కరక్కాయ నానేసిన నీళ్లలో ఊరబెట్టాలి. డెల్టాలో తంగేడు దొరకదు, మెట్ట నుంచి తెచ్చుకునేవాళ్లు. "చెక్కలో పస లేకపోతే తోలు కుళ్లుద్ది" అనేవాడు. ఆయన పస అన్నదాన్నే పుస్తకం టానిన్ అంది. తోల్లో ఉండే కొల్లాజెన్ అనే ప్రోటీన్‌ని టానిన్ పట్టుకుంటది. పట్టుకున్నాక దాన్ని సూక్ష్మజీవులు తినలేవు, తోలు కుళ్లదు. మూడో వరసలో 'పస' అని రాసుకున్నాను.

మా నాయనమ్మ మంత్రసాని. ఊళ్లో పెద్ద కులాల ఇళ్లల్లో సగం మందికి బొడ్డు కోసింది ఆవిడే. దొడ్డి దారిన లోపలికి వెళ్లేది, దొడ్డి దారినే వచ్చేది. ఆవిడ అటు రాగానే ఇటు పసుపు నీళ్లు చల్లుకునేవాళ్లు. జరాయువు పాఠం చదివి వినిపిస్తే, "మాయ గురించి గదంటే నువ్వు చెప్పేది?" అంది. "బిడ్డ వచ్చాక మాయ పడేదాకా కదలకూడదు. పడినాక తిరగేసి చూసుకోవాల. ముక్క లోపల ఉండిపోయిందా, రగతం ఆగదు, మనిషి పోద్ది." ఇప్పుడు పురిటి గదుల్లో నర్సులకి నేర్పే మొదటి జాగ్రత్తల్లో అదొకటి. గడప లోపలికి రానీయని మనిషి చేతిలో ఆ ఇంటి కోడలి ప్రాణం ఉండేది.

ఇదంతా మురిసిపోవటానికి చెప్పటం లేదు. మన వృత్తుల్లో ఎంతో విజ్ఞానం ఉందని ఈ మధ్య మీటింగుల్లో చప్పట్లు కొడుతున్నారు. నిజమే, ఉంది. కానీ సున్నానికి మా తాత చేతులు పొక్కి పొక్కి గోళ్లు ఊడిపోయేవి. అది విజ్ఞానమని చెప్పి మళ్లీ లందలో దిగమంటే దిగం. బొడ్డు కోసిన కొడవలి వల్ల పసిబిడ్డకి ధనుర్వాతం వస్తదని మా నాయనమ్మకి తెలీదు. పురుగు పట్టిందనో, గాలి సోకిందనో అనుకునేది. క్లాస్ట్రిడియం టెటని అనే బాక్టీరియా మట్టిలో, పేడలో ఉంటదనీ, తల్లికి టీకా వేసి, బొడ్డు కోసే పరికరాన్ని శుభ్రంగా మరగబెట్టుకుంటే బిడ్డ బతుకుద్దనీ చెప్పింది పుస్తకమే. వాడకి పుస్తకం కావాలి. పుస్తకంలోకి పోయేదానికి వాడ నుంచి ఒక దారి కూడా కావాలి. మూడో వరస ఆ దారి. అంతే.

పుస్తకం కూడా ఆగిపోయే చోటు ఒకటుంది. మా చిన్నప్పుడు బోదకాలు పరీక్షకి ఆరోగ్య శాఖవాళ్లు రాత్రిపూట వచ్చి, నిద్ర లేపి, వేలు పొడిచి రక్తం తీసుకెళ్లేవాళ్లు. పగలు ఎందుకు రారని అందరం తిట్టుకునేవాళ్లం. జంతుశాస్త్రంలో ఉకరేరియా పాఠం చదివాక తెలిసింది: దాని పిల్లలు, మైక్రోఫైలేరియాలు, పగలు లోపలి రక్తనాళాల్లో ఉండి రాత్రి చర్మం దగ్గరి రక్తంలోకి వస్తాయి. క్యూలెక్స్ దోమ కుట్టేదీ రాత్రే. ఆ జబ్బుకి మేం మింగిన డైఇథైల్ కార్బమజీన్ మందుని 1940ల్లో అమెరికాలో లెడర్లీ పరిశోధనశాలలో తీసింది, పక్క డెల్టాలో భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం. ఇదంతా చదివితే గర్వంగానే ఉంటది. కానీ పాఠం దోమ దాకా చెప్పి ఆగిపోద్ది. ఊరి మురుక్కాలవ మా వాడ వైపే ఎందుకు తిప్పారో చెప్పదు. ఆ ప్రశ్న మన పిల్ల అడగాలంటే ముందు ఆ పాఠం దాకా రావాలి.

నేను డాక్టర్ని కాలేదు. 2007 ఎంసెట్‌లో నా ర్యాంకుకి సీటు రాలేదు. బీఎస్సీ చేసి, బీఈడీ చేసి, 2012 డీఎస్సీలో ఉద్యోగం తెచ్చుకున్నాను. కొన్నేళ్లుగా ఎండాకాలం మా వాడ చర్చి వరండాలో, బైపీసీ తీసుకునే పిల్లలకి పొద్దున ఆరింటి నుంచి ఎనిమిదిన్నర దాకా చెబుతున్నాను. ఎనిమిదిన్నర దాటితే ఎండ, ఆ పైన వాళ్ల పనులు.

ఇప్పటి పిల్లలు మా బళ్లో ఇంగ్లీషు మీడియంలోనే చదివి వస్తన్నారు. ఇంగ్లీషు కావాలని కొట్లాడింది మనమే, నేను దానికి ఎదురు చెప్పను. అయితే చాలామంది జవాబుల్ని పాటలాగా బట్టీ పట్టి వస్తారు. అందుకని మొదటి పది రోజులు పాఠం చెప్పను, మాటల్ని విడగొట్టిస్తాను. ఎపి అంటే పైన, డెర్మిస్ అంటే చర్మం, కలిపితే ఎపిడెర్మిస్. హైడ్రో అంటే నీళ్లు, ఫైట్ అంటే మొక్క. హైడ్రోఫైట్‌కి మూడో వరసలో ఏం రాస్తారంటే, బందరు కాలవ చూసిన పిల్లలు ఒక్క గొంతుతో "గుర్రపు డెక్క" అంటారు. కాలవ కట్టేసిన రోజుల్లో గుంటల్లో అదే మిగిలి ఉంటది. తెచ్చి ఉబ్బిన కాడ కోయిస్తాను. లోపల స్పంజిలాగా గాలి గదులుంటాయి. అది ఏరెంకైమా, అందుకే మొక్క తేలుద్ది. తర్వాత బెండ పువ్వు, వంగ పువ్వు విప్పి రేకులూ కేసరాలూ లెక్కపెట్టిస్తాను. బెండ పువ్వులో కేసరాలన్నీ కలిసి ఒక గొట్టంలాగా ఉంటాయి, వంగ పువ్వులో విడివిడిగా రేకులకి అంటుకుని ఉంటాయి. రెండు కుటుంబాలు అక్కడే తెలిసిపోతాయి. బళ్లో మైక్రోస్కోపు అడిగి తెచ్చి ఉల్లిపొర కింద కణం చూపిస్తాను. చూసినదాన్నే బొమ్మ గీయాలి, పుస్తకం చూసి గీయకూడదు.

చివరి రోజుల్లో పరీక్ష లెక్క చెబుతాను. 2025 నీట్‌లో 180 ప్రశ్నలకి 720 మార్కులు. అందులో 90 ప్రశ్నలు, 360 మార్కులు బయాలజీవే. సగం మన చేతిలో ఉంది. మిగతా సగం ఫిజిక్సు, కెమిస్ట్రీ. మన పిల్లలు ఎక్కువగా జారేది అక్కడే. కాబట్టి బైపీసీ అంటే లెక్కలు వదిలిపోయినట్టు కాదని ముందే చెప్పాలి. పది లెక్కల్లో నిష్పత్తులు, ఘాతాంకాలు ఆ ఎండాకాలమే మళ్లీ చేయించాలి. ఎన్‌సీఈఆర్‌టీ పదకొండు, పన్నెండు తరగతుల పుస్తకాలు ఫోన్‌లో ఉచితంగా దించుకోవచ్చు. ఈ సంగతి కూడా చాలా ఇళ్లల్లో ఎవరూ చెప్పరు.

2023లో ఒక పిల్ల. పేరు చెప్పను. పదిలో బడి ఫస్టు. పరీక్షలయిన వారానికే వాళ్లమ్మ బట్టల కొట్లో పెట్టింది. నేను వెళ్లి అడిగితే, "టీచరుగారూ, రెండు నెలల జీతంతో దాని బట్టలూ పుస్తకాలూ రికార్డులూ వస్తయ్. మీ క్లాసుకొస్తే అవి ఎవరిస్తారు?" అంది. ఆ తల్లి మాటకి నా దగ్గర జవాబు లేదు. ఆవిడ చదువుకి అడ్డం రావటం లేదు, చదువుకే డబ్బు కూడబెడుతుంది. కొట్టు తెరిచేది పదింటికి. పిల్ల ఆరింటికి వరండాకి వచ్చేది, ఎనిమిదిన్నరకి బందరు రోడ్డు మీద బస్సెక్కేది. నోటుబుక్కు చీరల కట్టల వెనక పెట్టుకుని చదివేది. రోజంతా నిలబడి, రాత్రి కాళ్లు వాచి వచ్చేది. పక్క కాలేజీ పిల్ల అదే టైములో ఏసీ గదిలో మూడో మోడల్ టెస్టు రాసింది. ఇద్దర్నీ ఒకే ర్యాంకుల పట్టికలో పెట్టి ప్రతిభ అంటారు.

2025లో ఆ పిల్లకి మెడికల్ సీటు రాలేదు. బీఎస్సీ నర్సింగులో చేరింది. "డాక్టరు కాలేదుగా, ఇంత చేసి ఏం లాభం?" అని మా స్టాఫ్‌రూములో ఒకరన్నారు. మా నాయనమ్మ దొడ్డి దారిన వెళ్లి చేసిన పనికి, ఈ పిల్ల ముందు గుమ్మంలోంచి, మెడలో గుర్తింపు కార్డుతో, జీతానికి వెళ్తది. ఆ తేడా ఆయన లెక్కలో లేదు. నా లెక్కలో ఉంది. డాక్టర్లు కూడా కావాలి. అందుకు ఒక్క ఎండాకాలం చాలదు, ప్రతి వాడలో ప్రతి ఎండాకాలం కావాలి.

మీటింగులు పెట్టే అన్నలకీ, యూనివర్సిటీల్లో చదివే తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ ఒక మాట. ఏప్రిల్ 14న మనం దండలు వేస్తాం, ఊరేగింపు తీస్తాం. మంచిదే, నేనూ వస్తాను. అప్పటికి మన వాడలో పది పరీక్షలు రాసిన పిల్లలు ఖాళీగా ఉంటారు. 15వ తారీఖు పొద్దున్నే వాళ్ల పేర్లు రాసుకోండి. మీరు బయాలజీ చదవక్కర్లేదు. ఇంగ్లీషు మాట విడగొట్టటం ఒకరు చెప్పండి, లెక్కలు ఒకరు చెప్పండి. మూడో వరస నింపటానికి ముసలాళ్లు ఉన్నారు. వాళ్లు పోకముందే అడగాలి. కొట్లో పనిచేసే పిల్లలకి పొద్దునో, రాత్రో, వాళ్లకి కుదిరిన టైములో పెట్టండి. పాత బైపీసీ పుస్తకాలు, సగం వాడిన రికార్డులు మీ ఇళ్లల్లో ఉంటే పాత కాయితాలవాడికి వెయ్యకండి. మా వరండాలో ఈసారి ఎనిమిది మంది పిల్లలున్నారు, పుస్తకాలు నాలుగు జతలే ఉన్నాయి.