తెల్లవారుజామున పెరిగే చక్కెర

“డాక్టరుగారూ, రాత్రి రెండు పుల్కాలు తప్ప ఏమీ తినలేదండీ. పొద్దున పరగడుపున చూస్తే షుగరు 180! ఇదేం చోద్యం?” మా ఆస్పత్రికి వచ్చేవారిలో చాలామంది ఇలాగే అడుగుతారు. ఇంట్లోవాళ్లు మాత్రం, చాటుగా ఏదో తినే ఉంటాడని అనుమానిస్తారు!

నాకూ మధుమేహం ఉంది. రాత్రి భోజనానికి ముందు ఇన్సులిన్ తీసుకుంటాను. ఆ మధ్య వరసగా నాలుగు రోజులు పరగడుపు షుగరు ఎక్కువగా వచ్చింది. డాక్టరునే కదా అన్న ధీమాతో, ఎవరినీ అడగకుండా రాత్రి మోతాదు ఆరు యూనిట్లు పెంచాను. తెల్లవారుజామున మూడు గంటలకు ఒళ్లంతా చెమటలు, గుండెదడ, చేతుల వణుకు. మా ఆవిడ లేచి చూసి, పంచదార నీళ్లు తాగించబట్టి గట్టెక్కాను. ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టయింది.

జరిగిందేమిటంటే, మన శరీరంలోనూ ఒక గడియారం ఉంది. అర్ధరాత్రి నుంచి మూడు గంటల దాకా శరీరానికి ఇన్సులిన్ అవసరం తక్కువ. నేను వాడే రకం ఇన్సులిన్ బలం ఎక్కువగా ఉండేదీ ఆ వేళకే. తెల్లవారే ముందు గ్రోత్ హార్మోను, కార్టిసాలు పని మొదలుపెడతాయి. మనల్ని నిద్ర లేపడానికి కాలేయం రక్తంలోకి చక్కెర వదులుతుంది. ఆ సమయంలో ఇన్సులిన్ మాట శరీరం అంతగా వినదు. ఆరోగ్యవంతుల్లో క్లోమం మరికాస్త ఇన్సులిన్ ఊరించి సరిపెడుతుంది. మధుమేహం ఉన్నవారిలో అది చాలదు. దీనికి 1981లో వైద్యులు ‘డాన్ ఫినామినన్’ అని పేరు పెట్టారు.

కనుక పొద్దుటి లెక్క ఒక్కటే చూసి మోతాదు మార్చకండి. రెండు మూడు రాత్రులు పడుకునే ముందు, మూడు గంటలకు, లేవగానే పరీక్ష చేసి కాగితం మీద రాసుకోండి. మూడు గంటలకు 70 కన్నా తగ్గితే రాత్రి మందు ఎక్కువవుతోందని అనుమానించాలి. అప్పుడు బాగానే ఉండి, తెల్లవారేసరికి పెరిగితే ఈ గడియారం పనే కావచ్చు. ఆ కాగితం మీ డాక్టరుకు చూపించండి. మందు ఎంత, ఏ వేళకు అన్నది ఆయన నిర్ణయిస్తారు.

రాత్రి భోజనం పెందలాడే చెయ్యండి. ఇన్సులిన్ తీసుకుని భోజనం మానకండి. మంచం పక్కన పంచదార డబ్బా ఉంచుకోండి. చెమటలు, వణుకు వస్తే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగి, పావుగంట తరువాత మళ్లీ పరీక్షించండి. స్పృహ తప్పినవారి నోట్లో మాత్రం ఏమీ పోయవద్దు. వెంటనే ఆస్పత్రికి తీసుకువెళ్లండి.

ఇంట్లోవారికీ ఒక మాట. పొద్దున షుగరు పెరిగిందని పాపం ఆయన్ని దొంగను చెయ్యకండి!